పగడపు అక్వేరియంలో మెగ్నీషియం: సముద్రజల రసాయనం, కొలత, సవరణ

ఉపోద్ఘాతం

జీవించి ఉన్న పగడాలను గాజు తొట్టిలో పెంచే వ్యవస్థను పగడపు అక్వేరియం అంటారు. ఈ తొట్టి నీటిలో తరచుగా కొలిచే గుణాలు రెండు: కాల్షియం గాఢత, క్షారత. పగడం తన అస్థిపంజరాన్ని కాల్షియం కార్బొనేటుతో నిర్మించుకుంటుంది కనుక ఈ రెండూ నిత్యం తరుగుతూ ఉంటాయి. తరిగినంత మేరకు వాటిని తిరిగి చేర్చవలసి ఉంటుంది. మూడవదైన మెగ్నీషియం పగడపు అస్థిపంజరంలో అతిస్వల్ప పరిమాణంలో మాత్రమే ఉంటుంది. అయినప్పటికీ అది బాగా తగ్గిన తొట్టిలో మిగిలిన రెండింటినీ నిలబెట్టడం కష్టం. చేర్చిన కాల్షియం పగడానికి అందకుండా హీటరుపైన, పంపు రెక్కలపైన, ఇసుక రేణువులపైన తెల్లని పెచ్చుగా కడుతుంది. క్షారత కూడా దానితోపాటే పడిపోతుంది. తొట్టి యజమాని మళ్ళీ కాల్షియం పోస్తాడు. పెచ్చు మరింత మందమవుతుంది.

ఈ పరిస్థితికి మెగ్నీషియం లోపమే కారణమని సాధారణంగా చెప్పే సమాధానం సరైనదే కాని, సంపూర్ణం కాదు. పరీక్షలో మెగ్నీషియం తక్కువగా కనబడిన ప్రతిసారీ అది నిజంగా తగ్గిందని అర్థం కాదు. సముద్రజలంలో ఈ మూలకం ప్రవర్తన ఎటువంటిదో, దానిని కొలిచే పద్ధతిలో దోషం ఎక్కడ చేరుతుందో తెలియకుండా లవణాలు చేర్చడం వలన తొట్టిలోని జీవులకు మేలు కంటే కీడు జరిగే అవకాశమే ఎక్కువ. ప్రస్తుత వ్యాసం ఈ రెండు అంశాలను ప్రధానంగా చర్చిస్తుంది.

సముద్రజలంలో మెగ్నీషియం స్థానం

1872-76 మధ్య సాగిన చాలెంజర్ నౌకాయాత్రలో వివిధ సముద్రాల నుండి సేకరించిన 77 నమూనాలను విలియం డిట్‌మార్ విశ్లేషించి, 1884లో ఫలితాలను ప్రకటించాడు. నీటిలోని మొత్తం ఉప్పు ప్రాంతాన్ని బట్టి హెచ్చుతగ్గులైనా, ప్రధాన అయానుల పరస్పర నిష్పత్తి దాదాపు మారదని ఆ విశ్లేషణ స్థిరపరచింది. అక్వేరియం నిర్వహణకు పునాది ఈ సూత్రమే. లవణీయత 35 ఉన్న ఒక కిలోగ్రాము సముద్రజలంలో సోడియం సుమారు 10.8 గ్రాములు, మెగ్నీషియం 1.284 గ్రాములు, కాల్షియం 0.412 గ్రాములు, పొటాషియం 0.399 గ్రాములు ఉంటాయి. ధన అయానులలో సోడియం తర్వాత రెండవ స్థానం మెగ్నీషియానిదే. మోలులలో చెప్పాలంటే మెగ్నీషియం 52.8 మిల్లీమోలులు, కాల్షియం 10.3 మిల్లీమోలులు, అంటే ప్రతి కాల్షియం అయానుకు ఐదుకు పైగా మెగ్నీషియం అయానులు ఉన్నాయి.

నదులు సముద్రానికి తెచ్చే నీటిలో సాధారణంగా కాల్షియమే ఎక్కువ. సముద్రంలో ఈ వరుస తారుమారు కావడానికి కారణం జీవులు. పగడాలు, నత్తలు, సూక్ష్మ ప్లవకాలు కాల్షియాన్ని నిరంతరం తీసివేసి అడుగుకు చేరుస్తాయి; మెగ్నీషియాన్ని అంతగా తాకవు. అందువలన ఒక కాల్షియం అయాను సముద్రంలో సగటున సుమారు పది లక్షల సంవత్సరాలు నిలిస్తే, మెగ్నీషియం అయాను కోటికి పైగా సంవత్సరాలు నిలుస్తుంది. తొట్టిలో కూడా ఇదే తేడా చిన్న కొలతలో కనిపిస్తుంది: కాల్షియం రోజుల లెక్కన తరుగుతుంది, మెగ్నీషియం నెలల లెక్కన తరుగుతుంది.

గృహ అక్వేరియంల తొలినాళ్ళలోనే దీని ప్రాధాన్యం గుర్తింపు పొందింది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ లండన్‌లో ప్రకటించిన కృత్రిమ సముద్రజల విధానంలో నాలుగే లవణాలు: వంట ఉప్పు, ఎప్సం లవణం, మెగ్నీషియం క్లోరైడు, పొటాషియం క్లోరైడు. నాలుగింట రెండు మెగ్నీషియం లవణాలే కావడం గమనార్హం.

అతిసంతృప్త ద్రావణం నిలిచి ఉండటానికి కారణం

ఉష్ణమండల సముద్రపు ఉపరితల జలం కాల్షియం కార్బొనేటు విషయంలో అతిసంతృప్త ద్రావణం. అరగొనైట్ అనే స్ఫటికరూపానికి సంబంధించి మూడు నాలుగు రెట్లు, కాల్సైట్ రూపానికి సంబంధించి అంతకంటే ఎక్కువ రెట్లు సంతృప్త స్థాయిని దాటి ఉంటుంది. మామూలు నీటిలో ఇంత అతిసంతృప్తత ఉంటే సున్నపు పదార్థం త్వరలోనే అవక్షేపం కావాలి. సముద్రంలో అలా జరగదు. ఇందుకు గల కారణాలలో మెగ్నీషియం ముఖ్యమైనది. అది రెండు మార్గాలలో పనిచేస్తుంది.

మొదటి మార్గం ద్రావణంలో. 1962లో గారెల్స్, థాంప్సన్ ప్రతిపాదించిన సముద్రజల నమూనా ప్రకారం కార్బొనేటు అయానులలో అధికభాగం మెగ్నీషియంతో జంట కట్టి ఉంటాయి. స్వేచ్ఛగా మిగిలేవి కొద్దిపాటి మాత్రమే. జంట కట్టిన కార్బొనేటు కాల్షియంతో కలవడానికి వెంటనే అందదు. క్షారత కొలతలో మాత్రం అది లెక్కకు వస్తుంది.

రెండవ మార్గం స్ఫటికపు ఉపరితలంపై. ఇది మరింత ఆసక్తికరమైనది. మెగ్నీషియం అయాను పరిమాణంలో చిన్నది. తన చుట్టూ ఉన్న నీటి అణువులను గట్టిగా పట్టి ఉంచుతుంది. కాల్సైట్ స్ఫటికం పెరుగుతున్నప్పుడు దాని అంచున కాల్షియం చేరవలసిన చోట మెగ్నీషియం చేరుతుంది. ఆ నీటి తొడుగును వదిలించుకోవడానికి శక్తి కావాలి కనుక పెరుగుదల మందగిస్తుంది. జాలకంలో మెగ్నీషియం చిక్కుకున్న కాల్సైటుకు ద్రావణీయత కూడా పెరుగుతుంది. అంటే దానిని పెంచగల అతిసంతృప్తత తగ్గుతుంది. అరగొనైట్ జాలకం నిర్మాణం వేరు. అది స్ట్రాన్షియం వంటి పెద్ద అయానులకు చోటిస్తుంది గాని మెగ్నీషియాన్ని దాదాపు రానివ్వదు. నేటి సముద్రంలో జీవప్రమేయం లేకుండా కట్టే సున్నపు పూతలలో అరగొనైట్ విరివిగా కనిపించడానికి, పగడాలు అరగొనైటుతోనే అస్థిపంజరం కట్టడానికి అనుకూలమైన రసాయన నేపథ్యం ఇదే.

భూచరిత్రలో ఈ నేపథ్యం ఎల్లప్పుడూ ఒకేలా లేదు. క్రెటేషియస్ యుగపు సముద్రాలలో మెగ్నీషియం, కాల్షియం మోలుల నిష్పత్తి ఒకటి దరిదాపుల్లో ఉండేదని, కాల్సైట్ సముద్రాలు, అరగొనైట్ సముద్రాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయని భూశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. జస్టిన్ రీస్, స్టాన్లీ, హార్డీ 2006లో ప్రకటించిన ప్రయోగంలో నేటి పగడాలను అటువంటి కృత్రిమ క్రెటేషియస్ జలంలో పెంచగా, అవి అస్థిపంజరంలో కొంత భాగాన్ని కాల్సైటుగా కట్టాయి. వాటి పెరుగుదల కూడా మందగించింది. అక్వేరియం రచనలలో ఈ ప్రయోగాన్ని చూపి, మెగ్నీషియం కాస్త తగ్గితేనే అస్థిపంజరం మారిపోతుందని భయపెట్టడం కద్దు. ఆ భయానికి ఆధారం లేదు. తొట్టిలో మెగ్నీషియం 1,284 నుండి 1,150కి పడిపోయినా, కాల్షియం సహజస్థాయిలో ఉంటే మోలుల నిష్పత్తి 5.1 నుండి 4.6కు మాత్రమే దిగుతుంది. ప్రమాదం అస్థిపంజర ఖనిజానికి కాదు, ద్రావణపు స్థిరత్వానికి. అది కూడా మెగ్నీషియం ఒక్కదాని వలన రాదు. సహజ సముద్రపు క్షారత లీటరుకు సుమారు 2.3 మిల్లీ ఈక్వివలెంట్లు, అంటే 6.5 డీకేహెచ్‌కు దగ్గర. పెరుగుదల వేగం కోసం దీనిని 10, 11 డీకేహెచ్‌కు పెంచి, కాల్షియాన్ని 450 దాటించి, నీటిని వేడెక్కే హీటరు పక్కగా తిప్పే తొట్టిలో మెగ్నీషియం లోటు తొందరగా బయటపడుతుంది. సహజ క్షారత వద్ద నడిపే తొట్టిలో అదే లోటు చాలాకాలం గమనానికే రాకపోవచ్చు.

తరుగుదల లెక్క

పగడం కాల్షియం కార్బొనేటు కట్టేటప్పుడు క్షారత ఒక మిల్లీ ఈక్వివలెంటు తగ్గితే కాల్షియం లీటరుకు 20 మిల్లీగ్రాములు తగ్గుతుంది. ఈ నిష్పత్తి రసాయన సమీకరణం నుండి నేరుగా వచ్చేది, మార్పుండదు. మెగ్నీషియం వాటా మాత్రం కట్టే జీవిని బట్టి మారుతుంది. రాతి పగడాలలో అది అత్యల్పం. రాళ్ళపై ఊదారంగు పొరలా పాకే సున్నపు శైవలాలు అధిక మెగ్నీషియం కాల్సైటును నిర్మిస్తాయి కనుక వాటి వాటా చాలా ఎక్కువ.

ఉదాహరణకు, తొట్టిలో కట్టే మొత్తం కార్బొనేటులో సగటున 5 మోలు శాతం మెగ్నీషియం కార్బొనేటు అనుకుందాం. రోజుకు ఒక మిల్లీ ఈక్వివలెంటు క్షారత ఖర్చయ్యే, అంటే బాగా పెరుగుతున్న తొట్టిలో, మెగ్నీషియం రోజుకు లీటరుకు 0.6 మిల్లీగ్రాములు తరుగుతుంది. 120 మిల్లీగ్రాముల లోటు ఏర్పడటానికి, నీటిమార్పిడి అసలు లేకపోయినా, 200 రోజులు పడుతుంది. ఈ లెక్క నుండి తేలే విషయం ఆచరణలో ఎంతో ముఖ్యమైనది: గతవారం 1,300 ఉన్న మెగ్నీషియం ఈ వారం 1,180కి దిగిందని పరీక్ష చెబితే, పగడాలు దానిని తినివేశాయనడం అసంభవం. లవణీయత మారి ఉండాలి, లేదా కొలత తప్పి ఉండాలి. మెగ్నీషియాన్ని రోజూ కొలవడం వృథా శ్రమ, నెలకొకసారి చాలు.

దీర్ఘకాలంలో లోటు ఏర్పడటానికి మరొక మార్గం ఉంది. కాల్షియం, క్షారత మాత్రమే చేర్చే ద్రావణాలను నెలల తరబడి వాడితే, తరిగిన మెగ్నీషియాన్ని పూరించేది ఏదీ ఉండదు. సున్నపుతేటకు కూడా ఇది వర్తిస్తుంది. సున్నపుతేట పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ క్షారస్థితిలో మెగ్నీషియం హైడ్రాక్సైడుగా అడుగుకు దిగిపోతుంది కనుక పైతేటలో మెగ్నీషియం ఉండదు. దానిని తొట్టిలో గబుక్కున పోస్తే క్షణకాలం తెల్లని మబ్బు లేస్తుంది. ఆ మబ్బు మెగ్నీషియం హైడ్రాక్సైడు అయితే నీటిలో కలిసేకొద్దీ కరిగిపోతుంది. కాల్షియం కార్బొనేటు అయితే మిగిలిపోతుంది. బొట్లు బొట్లుగా చేర్చాలనే నియమం వెనుక ఉన్న కారణం ఇదే.

కొలతలో చేరే దోషాలు

మెగ్నీషియం పరీక్ష కళాశాల ప్రయోగశాలలో నీటి కఠినత్వాన్ని కొలిచే పద్ధతికి భిన్నమైనది కాదు. పీహెచ్ 10 వద్ద ఎరియోక్రోం బ్లాక్-టీ సూచికతో ఈడీటీఏ టైట్రేషన్ చేస్తే కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిసి వస్తాయి. పీహెచ్ 12 దాటించి మెగ్నీషియాన్ని హైడ్రాక్సైడుగా దించివేసి, మరొక సూచికతో కాల్షియాన్ని విడిగా కొలుస్తారు. మొదటి దాని నుండి రెండవది తీసివేస్తే మెగ్నీషియం. అంటే ఈ సంఖ్య నేరుగా కొలిచినది కాదు, రెండు కొలతల వ్యత్యాసం. రెండింటి దోషాలూ ఇందులో కలుస్తాయి. సముద్రజలంలో రెండింటి మొత్తం సుమారు 63 మిల్లీమోలులు. అందులో ఒక్క శాతం పొరపాటు మెగ్నీషియంలో 15 మిల్లీగ్రాముల పొరపాటుగా మారుతుంది. ఎర్రరంగు నీలమయ్యే క్షణాన్ని గుర్తించడంలో రెండు మూడు శాతం తేడా రావడం అసాధారణం కాదు. అంటే 30 నుండి 45 మిల్లీగ్రాములు.

ప్రమాణం విషయంలో మరొక గందరగోళం ఉంది. 1,284 అనేది కిలోగ్రాముకు మిల్లీగ్రాముల లెక్క. సముద్రజలం సాంద్రత ఎక్కువ కనుక లీటరుకు అదే సుమారు 1,310 అవుతుంది. రెండింటినీ పీపీఎం అనే ఒకే పేరుతో వ్యవహరించడం వలన, ఏ తప్పూ జరగని చోట కూడా దాదాపు 30 యూనిట్ల తేడా పుడుతుంది.

అన్నిటికంటే పెద్ద దోషం లవణీయతది. మెగ్నీషియం లవణీయతకు అనుపాతంలో ఉంటుంది. లవణీయత ఒక యూనిటు తగ్గితే మెగ్నీషియం 37 మిల్లీగ్రాములు తగ్గుతుంది. మార్కెట్టులో దొరికే అనేక రిఫ్రాక్టోమీటర్ల కొలబద్ద సముద్రజలానికి కాక వంట ఉప్పు ద్రావణానికి తయారైనది. లవణీయత 35 ఉన్న సముద్రజలపు వక్రీభవన గుణకం, కిలోగ్రాముకు 36.5 గ్రాముల వంట ఉప్పు ఉన్న ద్రావణపు గుణకం ఒక్కటే. అటువంటి పరికరంలో 35 చూసి తృప్తిపడిన వ్యక్తి తొట్టిలో నిజమైన లవణీయత సుమారు 33.6, మెగ్నీషియం 1,230. ఇక్కడ మెగ్నీషియం లోపం లేదు. ఉప్పే తక్కువ. కాల్షియం, పొటాషియం కూడా అదే నిష్పత్తిలో తక్కువగా ఉంటాయి. మెగ్నీషియం లవణం ఒక్కటే చేర్చితే డిట్‌మార్ నిరూపించిన నిష్పత్తి చెడుతుంది. కనుక పరీక్షల క్రమంలో లవణీయత మొదటిది కావాలి. పరికరాన్ని స్వచ్ఛమైన నీటితో మాత్రమే కాక, తెలిసిన లవణీయత గల ప్రమాణ ద్రావణంతో కూడా సరిచూడాలి.

ఆవిరైన నీటిని భర్తీ చేసే విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆవిరయ్యేది నీరు మాత్రమే. లవణాలు తొట్టిలోనే ఉంటాయి. దక్కన్ ప్రాంతపు కఠినమైన బోరునీటితో భర్తీ చేస్తే అందులోని కాల్షియం, మెగ్నీషియం, సిలికా, నైట్రేటు నానాటికీ పోగవుతాయి. అయానులు తొలగించిన నీరే ఇందుకు తగినది.

సవరణ

లవణీయత సరిగా ఉండి, వేర్వేరు రోజులలో చేసిన రెండు పరీక్షలు, వీలైతే ప్రమాణ ద్రావణంతో పోల్చిన మీదట, 1,200 కంటే తక్కువ చూపితే సవరణ చేయవచ్చు. 1,250 నుండి 1,350 వరకు ఎక్కడ ఉన్నా అది సమస్య కాదు. 1,270ని 1,300 చేయాలనే ఆరాటం కొలత దోషాన్ని వెంటాడటమే అవుతుంది.

వాడే లవణాలు రెండు. ఆరు నీటి అణువులతో కూడిన మెగ్నీషియం క్లోరైడులో బరువు ప్రకారం 12 శాతం, ఏడు నీటి అణువులతో కూడిన మెగ్నీషియం సల్ఫేటులో, అంటే ఎప్సం లవణంలో, 9.9 శాతం మెగ్నీషియం ఉంటుంది. 200 లీటర్ల తొట్టిలో లీటరుకు 120 మిల్లీగ్రాములు పెంచడానికి 24 గ్రాముల మెగ్నీషియం కావాలి. క్లోరైడు రూపంలో అది సుమారు 200 గ్రాములు, ఎప్సం రూపంలో సుమారు 243 గ్రాములు. చౌకగా దొరుకుతుందని ఎప్సం లవణాన్ని మాత్రమే వాడితే లీటరుకు 470 మిల్లీగ్రాముల సల్ఫేటు అదనంగా చేరుతుంది. సహజస్థాయి 2,710 కాగా ఇది ఆరవ వంతుకు పైగా పెరుగుదల. ఒక్కసారికి ప్రాణాంతకం కాకపోవచ్చు గాని ఏటా కొనసాగితే నీటి స్వభావమే మారిపోతుంది. సముద్రంలో క్లోరైడు, సల్ఫేటు మోలుల నిష్పత్తి 19కి పైగా ఉంటుంది. దానికి దగ్గరగా ఉండటానికి అధికభాగం క్లోరైడు, స్వల్పభాగం ఎప్సం కలిపి వాడటం ఉచితం.

లవణాన్ని ముందుగా స్వచ్ఛమైన నీటిలో కరిగించి, ప్రవాహం బలంగా ఉన్న చోట, రోజుకు లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించకుండా చేర్చాలి. పైన చెప్పిన మోతాదుతో మెగ్నీషియం, క్లోరైడు కలిసి లవణీయతను కూడా దాదాపు అర యూనిటు పెంచుతాయి. అంత మేరకు తొట్టినీటిని తీసి స్వచ్ఛజలం చేర్చాలి. పారిశ్రామిక శ్రేణి క్లోరైడులో అమ్మోనియా, భారలోహాల మలినాలు ఉండే అవకాశం ఉంది కనుక ధర ఒక్కటే ప్రాతిపదిక కారాదు.

భారతదేశంలో ఈ శాస్త్రానికి అన్వయం

భారతదేశంలో పగడపు దిబ్బలు మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ ప్రాంతాలలో ఉన్నాయి. రాతి పగడాలన్నీ 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నందున వాటిని సముద్రం నుండి సేకరించడం, అమ్మడం నేరం. అందుచేత దేశంలో ఈ రసాయనశాస్త్రపు విస్తృత వినియోగం ఇంటి తొట్టిలో కంటే రొయ్యల చెరువులో కనిపిస్తుంది.

వనామి రొయ్య తక్కువ లవణీయతలోనూ పెరుగుతుంది కనుక ఆంధ్రప్రదేశ్‌లో తీరానికి ఎడంగా, ఉప్పదనం గల బోరునీటిపై ఆధారపడి కూడా సాగు విస్తరించింది. శరీరంలోని లవణ సమతుల్యాన్ని కాపాడే సోడియం-పొటాషియం ఎంజైము పనిచేయడానికి మెగ్నీషియం అవసరం. అమెరికాలోని అలబామాలో ఉప్పు భూగర్భజలంతో రొయ్యలు పెంచినప్పుడు పొటాషియం, మెగ్నీషియం లోపాలే ప్రధాన అవరోధాలని అబర్న్ విశ్వవిద్యాలయపు పరిశోధనలు చూపాయి. ఇక్కడ కూడా ప్రశ్న అదే: ఉప్పు ఎంత అనేది కాదు, ఏ అయాను ఎంత అనేది.

లవణీయత 5 ఉన్న చెరువులో సముద్ర నిష్పత్తి ప్రకారం మెగ్నీషియం సుమారు 183, కాల్షియం 59 మిల్లీగ్రాములు ఉండాలి. కాల్షియం కార్బొనేటు లెక్కన ఈ నీటి మొత్తం కఠినత్వం 900. కాల్షియం 240, మెగ్నీషియం 73 మాత్రమే ఉన్న బోరునీటి కఠినత్వం కూడా 900 గానే వస్తుంది. పరీక్షా పత్రంలో మొత్తం కఠినత్వం అనే ఒక్క అంకె చూసి రెండు చెరువులూ ఒకటేననుకునే రైతుకు తేడా తెలిసేది రొయ్య గుల్ల విడిచే సమయంలోనే. రెండు టైట్రేషన్లు చేసి వ్యత్యాసం తీయడానికి పట్టే అదనపు సమయం పది నిమిషాలు. అయితే ఆ వ్యత్యాసాన్ని జాగ్రత్తగా తీయవలసి ఉంటుంది. ఎకరం విస్తీర్ణం, 1.2 మీటర్ల లోతు గల చెరువులో సుమారు 48.5 లక్షల లీటర్ల నీరుంటుంది. అందులో మెగ్నీషియాన్ని లీటరుకు 10 మిల్లీగ్రాములు పెంచడానికి 400 కిలోగ్రాములకు పైగా మెగ్నీషియం క్లోరైడు కావాలి. 200 లీటర్ల తొట్టిలో అదే 10 మిల్లీగ్రాముల తప్పు ఖరీదు పదిహేడు గ్రాములు.